నలభై ఒకటి

పోయిన వారం ఒక మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటుంటే ఇంటర్ నాటి నేస్తం ప్రసాద్ ఫోన్ చేసి, "మనోడు పోయేడు బావా," అన్నాడు. మా ఇద్దరి మధ్యా మనోడంటే ఒక్కడే. పచ్చకామెర్లట. ముదిరే దాకా పసరు మందు తాగుతూ కూర్చున్నాడట. ప్రసాద్ ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ముందుగా నా బుర్రలోకి వచ్చిన మాట చెబితే మీరు నన్ను మనిషి అనరు. 'ఇంక ఆ సంగతి నాకొక్కడికే తెలుసు' అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసి క్యారేజీ మూత పెట్టేశాను.

అతని పేరు రాయను. పేరు రాస్తే ఇది నివాళిలా ఉంటుంది. నివాళి రాసే మొహం కాదు నాది. రెండేళ్ళు పక్కపక్కన కూర్చుని లెక్కలు చేసిన మనిషి గురించి నాకు గుర్తున్నంత మటుకు గుర్తున్నట్టు రాస్తాను. నేను చేసిన పని కూడా రాస్తాను.

అనకాపల్లిలో మేం ఇంటర్ చదువుతున్న రోజులు. అతనిది చీడికాడ దగ్గర పల్లె. తండ్రి చెరకు రైతు. అతను మాత్రం అనకాపల్లి గవరపాలెంలో మేనత్త ఇంట్లో ఉండి కాలేజీకి వచ్చేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ముందుగా కనిపించేది అతని కుడిచేతి బొటనవేలు. అది ఎప్పుడూ ఊరుకునేది కాదు. మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీద ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉండేది. క్లాసులో మేష్టారు పాఠం చెబుతున్నా, సినిమా హాలు ముందు లైన్లో నిలబడ్డా, ఆ వేలు దాని పని అది చేసుకునేది. ఏం లెక్కపెడుతున్నావని అడిగితే తనకీ తెలియదనేవాడు.

జేబులో కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఉండేది. అనకాపల్లిలో బెల్లానికి కరువేముంది, కానీ అతను తినే పద్ధతి వేరు. లెక్క మొదలుపెట్టే ముందు ఇంత గిల్లి బుగ్గన పెట్టుకునేవాడు. బుర్రకి తీపి తగిలితే గానీ కదలదని అతని సిద్ధాంతం. ఆ వేళ్ళతోనే మా పుస్తకాలన్నీ తిరగేసేవాడు. మా లెక్కల కాగితాలకి చీమలు పట్టేవి. ప్రసాద్ చీమల్ని దులుపుతూ బూతులు తిట్టేవాడు. ఇతను ఏమీ ఎరగనట్టు ఇంకో ముక్క గిల్లుకునేవాడు.

చెరకు రసం కాచే పెనం పక్కన పెరిగినవాడు కావడం వల్ల లెక్కల్లో కూడా ఆ మాటలే వాడేవాడు. మధ్యలో ఎవరైనా ఎంతవరకు వచ్చిందని అడిగితే, ఇంకా పాకం రాలేదు, కదపొద్దు అనేవాడు. పూర్తయ్యాక పెన్ను కింద పెట్టి, రెండు చేతులూ దులుపుకుని, "పెనం దింపేసేను," అనేవాడు. ఆ మాట అన్నాడంటే ఆ లెక్క ఇంక తిరిగి చూసుకునేవాడు కాదు. పేజీ తిప్పేసేవాడు. మేం ఒక్కో లెక్కని మూడుసార్లు సరిచూసుకునే జాతి. అతని ధీమా చూస్తే నాకు ముచ్చటేసేది, లోపల ఎక్కడో మండేది కూడా.

ఇంకో విచిత్రం ఏమిటంటే, లెక్కల్లో ఉండే మనుషుల్ని అతను నిజం మనుషుల్లాగే చూసేవాడు. తొట్టికి రెండు గొట్టాలు పెట్టి ఒకదానితో నింపుతూ రెండోదానితో ఖాళీ చేసేవాడి లెక్క వస్తే, వీడు మా పెద్దబావే అయ్యుంటాడు, వాడి పనులన్నీ ఇలాగే ఏడుస్తాయి అనేవాడు. పేక ముక్కల లెక్క వస్తే ఆ ముక్కలు పంచేవాడికి ఊరూ పేరూ పెట్టేవాడు. ఆ మనిషి ఎవడో, ఆ పని ఎందుకు చేస్తున్నాడో తేలితే గానీ పెన్ను పట్టేవాడు కాదు. మాకది నవ్వులాట. అతనికి మాత్రం అదే దారి. మాకు సూత్రం గుర్తొచ్చేలోపు అతను ఆ మనిషి వెనకాలే నడిచి జవాబు దగ్గరికి చేరిపోయేవాడు.

మేం ముగ్గురం కూర్చునేది మా చర్చి సండే స్కూలు గదిలో. మా నాన్న సంఘ పెద్ద, తాళం మా ఇంట్లో ఉండేది. గోడల నిండా గొర్రెపిల్లల బొమ్మలు, ఒక నల్లబల్ల, చిన్నపిల్లల బెంచీలు. మా మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. కాలేజీ అయ్యాక పొద్దుగూకే దాకా, ఆదివారమైతే ఆరాధన అయి భోంచేసి వచ్చాక, అక్కడే. మా పెద్దమ్మ కొడుకు విశాఖపట్నంలో కోచింగ్ చదివి వదిలేసిన జిరాక్సు కట్ట ఒకటి నా చేతికొచ్చింది. అందులోవన్నీ పెద్ద లెక్కలు. మా కాలేజీలో ఎవరూ ముట్టనివి. కట్ట చివర నాలుగు కాగితాల్లో జవాబులుండేవి.

ఆ నాలుగు కాగితాలూ చింపి ఒక్కరి దగ్గర పెట్టాలన్నది అతని ఆలోచనే. ఆన్సరు ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు, ముందు ఆన్సరు చూసేసి దానికి సరిపడా లైన్లు అల్లేస్తాం అన్నాడు. అది నిజం. ఆ విద్యలో మేమందరం ఆరితేరినవాళ్ళమే. అందుకని ఒకరి దగ్గర కీ ఉంటుంది, చేసినవాడు తన జవాబు చెబుతాడు, కీ ఉన్నవాడు చూసి 'వచ్చింది' అనో 'రాలేదు' అనో ఒక్క మాట అనాలి. అంతకుమించి నోరు విప్పకూడదు. ఎవరి దగ్గర పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతను క్షణం ఆలోచించలేదు.

"నీకాడెట్టుకో బావా. నువ్వు అబద్దం ఆడవు. మీవోళ్ళలో అది పాపం కదా," అన్నాడు.

మీలో కాదేటి అని ప్రసాద్ అడిగాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నాలుగు కాగితాలూ మడిచి నా బైబిలు కవరు జిప్పులో పెట్టుకున్నాను.

ఆ జిప్పు తీయడంలో నాకో సుఖం ఉండేది. అతను చేతులు దులుపుకుని పెనం దింపేసేనంటాడు. నేను బైబిలు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా జిప్పు లాగుతాను. కాగితం విప్పుతాను. వేలితో నంబరు వెతుకుతాను. ఎక్కడుందో తెలిసినా వెతుకుతాను. అతను కాగితం వైపు చూసేవాడు కాదు, నా మొహం వైపు చూసేవాడు. 'వచ్చింది' అనగానే పసిపిల్లాడిలా నవ్వేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు వచ్చేది.

కాలేజీలో ఫస్టు నేనే. ఇంగ్లీషు, రాత, శుభ్రత అన్నీ కలిపితే నేనే. నా మార్కులొచ్చినప్పుడల్లా నాన్న చర్చిలో లేచి నిలబడి అందరికీ చెప్పి కృతజ్ఞతా ప్రార్థన చేయించేవారు. కానీ ఆ గదిలో, ఆ కట్ట ముందు, నేను రెండోవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు, ప్రసాద్‌కి తెలుసు. అతనికి మాత్రం తెలియదు. అతనికి ఎవరు ఎన్నోవాడన్న ఆలోచనే ఉండేది కాదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఆ కట్టలో ఒక మెట్ల లెక్క ఉంది. ఒక మనిషి పది మెట్లు ఎక్కాలి. ఒక్కో అడుగుకి ఒక మెట్టైనా ఎక్కవచ్చు, రెండు మెట్లైనా ఎక్కవచ్చు. అయితే రెండేసి మెట్ల అడుగులు వెంటవెంటనే రెండు పడకూడదు. అతను ఎన్ని రకాలుగా పైకి చేరవచ్చు? ఇదీ లెక్క. ఆ లెక్క నేను శుక్రవారం నుంచి పట్టుకుని కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, జవాబు ముందే చూసేశాను. నలభై ఒకటి. కీ నా దగ్గరే ఉంది కదా. జవాబు తెలిసి కూడా రెండు రోజులు దారి దొరకలేదు. అన్ని రకాలూ వరసగా రాసుకుంటూ పోతే ఒకసారి ముప్పై తొమ్మిది, ఒకసారి నలభై మూడు వచ్చేవి.

ఆదివారం మధ్యాహ్నం ఆ లెక్క అతని ముందు పెట్టాను. నేను రెండు రోజులు తంటాలు పడ్డ సంగతి చెప్పలేదు. ప్రసాద్ మొహం మీద రుమాలు వేసుకుని బెంచీ మీద పడుకుని ఉన్నాడు. అతను బెల్లం బుగ్గన పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఇంతకీ ఈడెందుకు ఎక్కుతున్నాడు అన్నాడు. కాసేపటికి తనే తేల్చాడు. ఆ మనిషికి మోకాలు నొప్పి. ఒకసారి రెండు మెట్లు ఎక్కేశాడంటే మోకాలు పట్టేస్తుంది, వెంటనే మళ్ళీ రెండెక్కలేడు, ఒక మెట్టు నిమ్మళంగా ఎక్కి ఊపిరి తీసుకోవాలి. ఇది తేలాక నల్లబల్ల దగ్గర నిలబడి బొటనవేలు కణుపుల మీద ఆడించుకుంటూ చాలాసేపు ఉన్నాడు.

తరవాత నాకేసి తిరిగి, "ముందు నించి ఎక్కద్దు బావా, పైనించి ఎనక్కి సూడు," అన్నాడు. ఆఖరి అడుగు ఒక మెట్టుదైతే మిగిలినవి తొమ్మిది మెట్లు. ఆఖరి అడుగు రెండు మెట్లదైతే దాని ముందు తప్పకుండా ఒక మెట్టు అడుగే ఉండాలి, అంటే మూడు మెట్లు పోగా మిగిలినవి ఏడు. తొమ్మిది మెట్ల లెక్కా, ఏడు మెట్ల లెక్కా కలిపితే పది మెట్ల లెక్క. అంతే. కింద నుంచి అలాగే కలుపుకుంటూ రావడమే. బల్ల మీద వరసగా రాశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది, పదమూడు, పంతొమ్మిది, ఇరవై ఎనిమిది, నలభై ఒకటి. సుద్దముక్క పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. పెనం దింపేసేనన్నాడు. మొత్తం పావుగంట పట్టి ఉంటుంది.

నేను జిప్పు తీశాను. కాగితం విప్పాను. వేలు పెట్టి వెతికాను. అతను నా మొహం చూస్తున్నాడు.

"రాలేదు," అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళు ఆలోచించాను. పెద్ద కారణమేదైనా దొరికితే బాగుండునని వెతికాను. ఏమీ లేదు. కుళ్ళు. రెండు రోజులు జవాబు చేతిలో పెట్టుకుని నేను తవ్వలేకపోయినదాన్ని అతను బెల్లం నములుతూ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఒక్క మాటతో ఆ నవ్వు రాకుండా చూడాలనిపించింది, చూశాను. ఐదు నిమిషాలు ఏడిపించి సరదాకి అన్నానని చెప్పేద్దామనే అనుకున్నాను కూడా. కాని అతను వాదించలేదు. ఒక్కసారి కూడా 'సరిగా చూడు' అనలేదు. అరచేత్తో బల్ల మీద అంకెలన్నీ తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. వాదించి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఏమో, అదీ నమ్మకంగా అనలేను.

సోమవారం కాలేజీకి నోటుబుక్కు తెచ్చాడు. నలభై ఒక్క రకాలూ ఒక్కొక్కటే విడిగా రాసి, పక్కన అంకెలు వేసుకున్నాడు. ఎక్కడా కొట్టివేత లేదు.

"నలబయ్యొకటే వత్తన్నాయి బావా. నేను ఏటో సూట్లేదు. ఏటో తెల్డంలేదు," అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆదివారం అన్నది కుళ్ళుతో అన్నాను, సోమవారం అన్నది భయంతో అన్నాను. కీలో అలా లేదన్నాను. అతను వెళ్ళి లెక్కల మేష్టారిని అడిగితే ఆయన చూసి, ఇవి ఎంసెట్‌కి రావు, టైము పాడుచేసుకోకండి అని పంపించేశారు. ఆయన ఒక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. చూడండి, ఇప్పటికీ తప్పు ఇంకొకరి మీదికి నెట్టడానికే నా ప్రయత్నం.

గురువారం సాయంత్రం మమ్మల్నిద్దర్నీ రైల్వే స్టేషనుకి లాక్కెళ్ళాడు. ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. ఒకటి, తరవాత రెండు, మళ్ళీ ఒకటి. దిగడం, మళ్ళీ ఎక్కడం. సంచులు మోసుకుంటూ దిగే జనం తిట్టుకుంటూ తప్పుకుంటున్నారు. ప్రసాద్ నవ్వలేక చస్తున్నాడు. నేను కింద మెట్టు దగ్గరే నిలబడ్డాను. ఆ వంతెనకి మొదట పది మెట్లు, తరవాత నిలబడడానికి చదునుగా కాస్త చోటు ఉండేది. అతను పదో మెట్టు మీద ఆగాడు. చదును వైపు చూశాడు, కాళ్ళ కింద మెట్టు వైపు చూశాడు. అక్కణ్ణుంచే నన్ను కేకేశాడు.

"దొరికింది బావా. పది మెట్లూ ఎక్కేను, కానీ పైకి రాలేదు సూడు. ఇంకో అడుగుంది. ఆఖరిది నేను లెక్కెట్లేదు."

మెట్లు పదే అయినా ఎక్కాల్సినవి పదకొండు అని తేల్చుకున్నాడు. పది మెట్లెక్కాలని లెక్కలో స్పష్టంగా రాసి ఉంది, అందులో పదకొండోది లేనే లేదు. లేని తప్పుని వెతకమని నేను పంపిస్తే, నాలుగు రోజులు తిరిగి, తన కాళ్ళ కింద నుంచి ఒకటి తవ్వి తెచ్చుకున్నాడు. పదకొండు మెట్లకి జవాబు అరవై. అరవయ్యేనా బావా అని అడిగాడు. నా చేతిలో బైబిలు లేదు, కీ లేదు. అతను అదే చూపుతో నా మొహం చూస్తున్నాడు.

"వచ్చింది," అన్నాను.

గబగబా దిగొచ్చి నన్ను కావలించుకున్నాడు. నువ్వు మొహమాటానికి వచ్చిందనేసుంటే నా తప్పు నాకెప్పటికీ తెలిసేది కాదన్నాడు. జేబులోంచి బెల్లం తీసి పెద్ద ముక్క నాకు విరిచి పెట్టాడు. నేను తిన్నాను. ఆదివారం చెప్పిన అబద్ధం కంటే ఇది పెద్దదని అప్పుడు తెలియలేదు. గొడవ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. ఆ 'ఆఖరిది' అతని బుర్రలోకి దూరి కూర్చుంది. ఏ లెక్క చేసినా చివరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. ఇంకేదో ఒకటి మిగిలిపోయిందేమోనని వెనక్కి వెళ్ళేవాడు. పెనం దింపేసేనన్న మాట మళ్ళీ అతని నోట వినలేదు. దాని బదులు, సూడు బావా, అయ్యిందేమో అని నీళ్ళు నమిలేవాడు. పావుగంట లెక్కకి గంట పట్టేది. నీకేమైందిరా అని ప్రసాద్ విసుక్కుంటే, నాకు ఆఖరిది లెక్కెట్టకపోవడం జబ్బు, ఇప్పుడిప్పుడే కుదురుతోంది అనేవాడు. నేను పక్కనే కూర్చుని అన్నీ చూస్తూ ఉండేవాణ్ణి. రోజూ చెబుదామనుకునేవాణ్ణి. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కేది.

అతనికి ఎంసెట్ అంటే ఆట కాదు. గవర్నమెంటు కాలేజీలో సీటొస్తే ఇంజనీరింగు, రాకపోతే చదివింది చాలు అని ఇంట్లో ముందే అనుకున్నారు. పరీక్ష రాసి బయటికొచ్చినప్పుడు సంతోషంగానే ఉన్నాడు. చివరి అరగంట కూర్చుని అన్నీ మళ్ళీ చూసుకున్నానని, చాలావాటిల్లో ఆఖర్న ఏదో వదిలేసినట్టు తోచి, పెన్సిల్‌తో దిద్దిన గడులు చెరిపి వేరేవి దిద్దానని చెప్పాడు. పేపర్లో కీ వచ్చినరోజు బెల్లం మార్కెట్ దగ్గర ప్రసాద్ వాళ్ళ కొట్టు మేడ మీద ముగ్గురం కూర్చుని సరిచూసుకున్నాం. అతని బొటనవేలు కణుపుల మీద నెమ్మదిగా కదిలి ఆగిపోయింది.

"ముందెట్టినవే కరెక్టు బావా," అన్నాడు. అన్నీ కాదు, కొన్ని, కానీ ఆ కొన్నే చాలు. నావైపు చూశాడు. నేను పేపర్లోకి చూశాను.

అతనికి సీటు రాలేదు. నాకొచ్చింది. చర్చిలో నాన్న కృతజ్ఞతా కూడిక పెట్టించారు. అతను దానికి వచ్చాడు. చివరి బెంచీలో కూర్చుని, అందరూ ఆమెన్ అన్నప్పుడు తనూ అన్నాడు. విశాఖపట్నం బయల్దేరే ముందు రోజు ఆ నాలుగు కాగితాలూ మా పెరట్లో నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను. ఒక్క అబద్ధానికే అతని బతుకు తిరగబడిందా, పరీక్షల్లో అందరికీ పోతాయి కదా అని మీరనవచ్చు. ప్రసాద్‌కి చెబితే వాడూ అదే అంటాడు. అలా అని నన్ను ఓదారుస్తాడన్న భయంతోనే వాడికీ చెప్పలేదు.

అతను డిగ్రీ చదివి చీడికాడలో ట్యూషన్లు పెట్టుకున్నాడు. ఎప్పుడైనా బస్టాండులో కలిస్తే నా ఉద్యోగం గురించి, నాన్న ఆరోగ్యం గురించి అడిగేవాడు. చెప్పేస్తానని ప్రతిసారీ నోరు తెరిచేవాణ్ణి, టీ తాగుదామా అనేవాణ్ణి. మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, ఎవరి విషయంలోనైనా తప్పు చేసి ఉంటే ముందు వెళ్ళి సరిచేసుకురమ్మని పాస్టరుగారు చెబుతారు. ఇన్నేళ్ళూ ఆ మాట వింటూనే రొట్టె తీసుకున్నాను. ఈ ఏడాది ఒక ఆదివారం పళ్ళెం నా ముందుకొచ్చేసరికి చెయ్యి లేవలేదు. పక్కవాళ్ళకి అందించేశాను. నాన్న చూశారు. ఆ మధ్యాహ్నమే చీడికాడ బస్సెక్కాను.

రేకుల షెడ్డులో పాఠం జరుగుతోంది. ఇరవై మంది దాకా ఉన్నారు. కొత్తగా ఇంటర్లో చేరినవాళ్ళు. అతను బాగా చిక్కిపోయాడు, కళ్ళజోడు వచ్చింది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, పావుగంట ఆగు బావా, కొత్త బ్యాచికి మొదటి పాఠం అన్నాడు. బల్ల వైపు చూశాను. మెట్ల లెక్క. ప్రతి ఏడూ దాంతోనే మొదలుపెడతానన్నాడు. మోకాలు నొప్పి మనిషి కూడా ఉన్నాడు. పిల్లలు నవ్వుతున్నారు.

చివరి వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, నాకు నలబయ్యొకటి వత్తంది," అంది.

అతను ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి నోటుబుక్కు చూశాడు. బాగా చేశావన్నాడు. దారి కూడా నువ్వే కనిపెట్టేవు, మంచిదే అన్నాడు. తరవాత ఎంతో ప్రేమగా, "కానీ పదో మెట్టు కాడ ఆగిపోయేవమ్మా. ఆఖరిది లెక్కెట్టు," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఇరవై మంది ముందే చెప్పాను. ఆ అమ్మాయిది కరెక్టే, జవాబు నలభై ఒకటే, కీలో ఉన్నది అదే, ఆ రోజు నీకు కుళ్ళుతో అబద్ధం చెప్పాను, స్టేషన్లో మళ్ళీ చెప్పాను అన్నాను. మాటలు స్పష్టంగానే వచ్చాయి. అతను నన్ను చూస్తూ నిలబడ్డాడు. అదే పాత చూపు, నా మొహంలో జవాబు వెతికే చూపు. ఒక్క క్షణం నమ్మాడనుకున్నాను. తరవాత నవ్వాడు. పిల్లల వైపు తిరిగాడు.

"నేను రోజూ సెప్తానే, నా తప్పు నా మొకం మీదే సెప్పిన నేస్తుడున్నాడని, ఆయనే ఈ సారు. సూసేరా, ఆ అమ్మాయి చిన్నబోతాదని తన మీదేసుకుంటన్నారు. అంత మంచోరు," అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కాదన్నాను. ఒట్టేసి చెప్పాను. నా గొంతు చప్పట్లలో కలిసిపోయింది. బస్సు దగ్గర మళ్ళీ చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని, నాకు సీటు రాలేదని ఇన్నేళ్ళూ నువ్వు బాధపడుతున్నావని నాకు తెలుసు, కానీ నాకోసం ఇలాంటి మాటలు ఆడకు, నీ నోటికి అబద్ధం నప్పదు అన్నాడు. నా జీవితంలో ఎవరికైనా నిజం చెప్పానంటే ఆ రోజు అతనికే చెప్పాను. అది అతనికి అబద్ధంలా వినిపించింది.

రేపు దినకార్యం. ట్యూషన్ పిల్లలందరూ వస్తారని ప్రసాద్ చెప్పాడు. నేనూ వెళ్తున్నాను. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, నీది కరెక్టమ్మా, మీ సారుది కూడా మొదట కరెక్టే అని చెప్పాలి. కానీ ఇరవై మందిలో ఆమె ఎవరో నాకు తెలియదు. ఆ రోజు పేరు అడగలేదు, మొహం కూడా సరిగ్గా గుర్తు పెట్టుకోలేదు. చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె అతన్ని చూసింది, నన్ను చూసింది, తల వంచుకుని నలభై ఒకటి చెరిపేసి అరవై అని రాసుకుంది. నేను ఆ చెరిపే చేతినే చూస్తూ నిలబడ్డాను.